రండి, కూర్చోండి

మా యూనివర్సిటీలో డిజైన్ చదివేవాళ్ల చివరి ప్రాజెక్టుకు ఒక షరతు ఉండేది. చేసిన వస్తువు జ్యూరీ వచ్చే రోజున క్యాంపస్ బయట ఎక్కడో ఒకచోట నిజంగా వాడుకలో ఉండాలి. లేదంటే ఫెయిలే. నాది గ్రాఫిక్స్, ప్రాజెక్టులో నా జోడీది ఫర్నిచర్. కర్నూలు పిల్ల. అంతకుముందు తను చేసిన కుర్చీలూ స్టూళ్లూ మార్కులు పడ్డాక వర్క్‌షాప్ వెనక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయాయి. "ఈ ఒక్కటైనా జనం వాడాల" అని రోజూ నా ప్రాణం తీసేది.

తార్నాకలో మేం తినే టిఫిన్ సెంటర్ దగ్గర అందరూ ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే తింటారు. అయ్యో పాపం అనిపించి బెంచీ చేద్దామనుకున్నాం. సెంటర్ నడిపే అక్కది భీమవరం. "పెట్టండమ్మా, చూద్దాం" అంది. చెక్కపని నా జోడీ చేసింది. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా "రండి, కూర్చోండి" అని నేను పసుపు రంగుతో రాశాను. ఆ 'ర' వంపు కోసం పడ్డ పాట్లు ఎవరికి చెప్పుకోను!

ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదు. పైగా నా అక్షరాల మీద సాంబారు గిన్నెలు పెట్టి, వంగి వంగి తినడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నా, అది కూర్చోడానికి" అన్నాను ఒక ఆటో అన్నతో.

"కూసుంటే ఆటో ఎవరు చూస్తరు చెల్లె? బల్ల మంచిగనే ఉన్నది గానీ, గింత కిందికి ఎందుకు వెట్టిండ్రు? నడుము వోతున్నది."

జ్యూరీ ఎల్లుండే. అక్కేమో, దారికడ్డంగా ఉంది, తీసుకెళ్లిపోండి అంటోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. నా జోడీ మాత్రం వంగి తింటున్నవాళ్లనే చూస్తూ నిలబడింది.

"కాళ్లు పెంచుదాం" అంది.

"కూర్చోండి అని రాసి నిలబెడతామా? పరువు పోతుంది!"

"నీ అక్షరాలు ఎవరు చదివినారులే. గమ్మునుండి ఆ పక్క పట్టుకో."

బెంచీని క్యాంపస్‌కు మోసుకొచ్చి, మోచేతి ఎత్తుకు కాళ్లు బిగించి, ఒక్కరోజు చూడమని అక్కని బతిమాలి మళ్లీ తీసుకెళ్లి పెట్టాం. రంగు మార్చే టైము లేకపోయింది.

జ్యూరీకి వచ్చిన పెద్దాయన ఇడ్లీ ప్లేటు దాని మీద పెట్టి, అక్షరాలు చదివి, చుట్టూ చూశారు.

"ఎక్కడమ్మా కూర్చోవడం?"

"ఎక్కడా లేదండీ, చట్నీ వేయమంటారా?" అంది అక్క. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. తినడం అయ్యాక, దీన్ని ప్రదర్శనకు క్యాంపస్‌కు తెచ్చేయమని మాకు చెప్పారు.

అక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "అదెలా కుదురుద్దండీ? పొద్దున్నే మా జనం ఎక్కడ పెట్టుకు తింటారు? కావాలంటే మీరు ఇంకోటి చేయించుకోండి. ఇది మాది."

నా జోడీ నా చెయ్యి ఎంత గట్టిగా గిల్లిందంటే, అరిచాను.

ప్రదర్శనలో మా చోటు ఖాళీ. వచ్చినవాళ్లందరికీ అక్కడే నిలబడి నా జోడీ ఒకటే మాట చెప్పింది.

"మాది ఈడ లేదండీ. తార్నాకలో ఉంది. వాడుకుంటా ఉండారు."