ఎర్ర టేపు చుట్ట

ఇళ్లకు నెట్ కొత్తగా వస్తున్న రోజులవి. మా ఆవిడకు ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. నెలలో రెండుసార్లు నెట్ పోతే ఉద్యోగమూ పోతుందని వాళ్లు మర్యాదగానే చెప్పారు. అందుకే కోదాడ నుంచి సూర్యాపేట వస్తున్న బస్సులో రెండు కంపెనీల కరపత్రాలు ఒళ్లో పరుచుకుని, పెళ్లి సంబంధాలు చూసినంత శ్రద్ధగా ధరలూ స్పీడులూ పోల్చుకుంటున్నాను.

పక్క సీటాయన చౌకదాని మీద వేలు పెట్టాడు. "ఇది వద్దు సార్. మాటిమాటికి వైరు తెగుతది."

"మీకెట్ల తెలుసు?"

"నేనే కోస్త గద."

ఒళ్లోని సంచి తెరిచి చూపించాడు. టిఫిన్ డబ్బా పక్కనే కట్టర్ ఉంది. రెండో కంపెనీ వాళ్లు నెలనెలా జీతం ఇస్తారట. సెలవులు కూడా ఉన్నాయట. నేను ఆయన్ని నిలదీయాల్సింది పోయి మా ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పాను.

"అట్లనా. అయితే చౌకదే తీసుకోండ్రి," అని సంచిలోంచి ఎర్ర టేపు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. "స్తంభం కాడ మీ వైరుకు జర చుట్టుండ్రి. దాని జోలికి రాను."

ఆ తర్వాత మా గల్లీలో ఆ చౌక కంపెనీ వాళ్లందరి నెట్ పోయేది, మాది తప్ప. మాది ఏ కంపెనీ అని ఎదురింటి మాస్టారు ఒకసారి అడిగారు. మీదేనండీ అన్నాను. అది నిజమే.

చుట్టలో ఇంకా సగం టేపు ఉంది. బీరువాలో పెట్టి తాళం వేశాను.