దిబ్బ జరిగిన దూరం

అమ్మ పోయిన తిథి, వారం, ఆ రోజు వాన ఏ వేళకు తగ్గిందో కూడా నాకు గుర్తు. అమ్మను ఎక్కడ పూడ్చారో మాత్రం అక్కకే తెలుసు. నేను అప్పట్లో గూడూరులో కాపురం ఉన్నాను. చేరేసరికి అంతా అయిపోయింది.

విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉండే మా పాళెంలో సమాధులు కట్టరు. ఇసుకదిబ్బకు పడమటి పక్క, దాని మొదట్లో పూడుస్తారు. గుర్తు ఆ దిబ్బే. ఏటా తిథినాడు అక్క అక్కడికి పోయి, ఆకులో అన్నం, చేపల పులుసు పెట్టి, కాసేపు అమ్మతో ఇంటి సంగతులు మాట్లాడి వస్తుంది.

పోయిన ఏడు నేనూ వెంట వెళ్లాను. అక్క తర్వాత ఆ చోటు ఎవరికీ తెలియకుండా పోతుందని నా బెంగ. చోటు గుర్తుపెట్టుకోవాలని, అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంట్లోనే ఫోనులోకి పాత సర్వే మ్యాపు దించుకున్నాను, అమ్మ పోయిన కాలానికి దగ్గరిది. నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. మనం నిలబడ్డ చోటు మ్యాపు మీద నీలి చుక్కగా కనిపిస్తుంది.

అక్క ఇసుక చదును చేసి ఆకు పరిచింది. "నీ చిన్న కూతురు వచ్చిందమ్మా. చేతిలో ఫోను మాత్రం దించడంలా," అంది.

నేను చుక్కనే చూస్తున్నాను. మ్యాపులో దిబ్బ మేమున్న చోట లేదు.

"అక్కా, ఇది కాదు."

"ఏంది కాదు?"

"చోటు. అప్పుడు దిబ్బ ఇక్కడ లేదు. గాలికి ఇటు జరిగింది. అమ్మ అదో, దిబ్బకు అవతల, ఆ పడవలు లాగే కాడ ఉండాల."

అక్క నవ్వింది. "దిబ్బ యాడికి పోతాదే? దానికేమన్నా కాళ్లుండాయా?"

నీలి చుక్క చూపించాను. పాత దిబ్బ అంచు చూపించాను. మధ్య దూరం నూట నలభై మీటర్లని చెప్పాను. అక్కడితో ఆగలేదు. తప్పు లేదని మళ్లీ కొలిచి చూపించాను.

అక్క దిబ్బ చివర పక్కనుంచి అటు చూసింది. ఒక ట్రాక్టరు పడవను ఇసుక మీదికి లాగుతోంది.

"అయితే ఇన్నేళ్లూ నేను ఎవురితో మాట్లాడినానే?"

"మ్యాపు పాతదిలే. తప్పుండొచ్చు," అన్నాను.

"నీ లెక్క ఎప్పుడు తప్పింది?" అంది. అందులో కోపం లేదు. చిన్నప్పటి నుంచి నన్ను మెచ్చుకునే గొంతే అది. ఆకు మడిచి, అన్నం తిరిగి క్యారియర్లో పెట్టుకుంది.

ఆ దూరం ఎంతో అక్క నన్ను అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. చోటు గుర్తుపెట్టుకుని నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. సరైనది తెలిశాక చెప్పకుండా ఉండటం నాకు ఎన్నడూ చేతకాలేదు. దాన్ని ఇన్నాళ్లూ మంచి గుణమే అనుకున్నాను.

ఈ ఏడు తిథినాడు పొద్దున్నే ఫోను చేశాను.

"బయల్దేరినావా అక్కా?"

"యాడికి?"

"నేనొస్తా. ఎప్పుడూ పోయే చోటికే పోదాం. దిబ్బ కాడ కాసేపు కూర్చుందాం."



"కూర్చుని, ఎవుర్ని పిలవాలమ్మే?" అంది.