తడిక వెనక అత్తగారు

మా అత్తగారు పోయారన్న కబురు దిండి నుంచి వచ్చిన పడవ సరంగు తెచ్చాడు. అప్పుడు నేను రాజోలులో ఒక ధాన్యపు కొట్టు గోడ మీద ఉన్నాను. ముందు కిందికి దిగమన్నాడు. దిగాక చెప్పాడు. గోడ మీద ఉన్నవాడికి అలాంటి మాట చెప్పకూడదని అతనికి నేర్పింది కూడా ఆవిడే.

మా మామగారు వడ్రంగి మేస్త్రీ. కప్పుకి కావలసిన ముక్కోణపు చట్రాలు నేల మీదే బిగించి, పడవ తెరచాప కొయ్య నిలబెట్టి, కప్పీ మీద తాళ్ళతో గోడల పైకి ఎత్తించడంలో ఆయనకి మంచి పేరు. గొంతు మాత్రం పిచిక గొంతు. తాళ్ళు లాగే పాతికమంది పడవవాళ్ళకీ వినపడేది కాదు. అందుకని అత్తగారు అరిచేవారు. ఒకరే చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి అన్నది ఆవిడ నియమం. ఇంట్లోనూ అంతే.

నేను అల్లుణ్ణయి ఆ పనిలోనే చేరాక చిక్కు వచ్చింది. అల్లుడి ఎదట పడడం, అతనితో మాట్లాడడం ఆవిడ ఎరిగిన మర్యాద కాదు. అలాగని పని మానడమూ ఇష్టం లేదు. చివరికి తాటాకు తడిక ఒకటి చేయించి, ఇద్దరు మనుషుల చేత మోయిస్తూ దాని వెనకాల నడిచేవారు. నాతో చెప్పవలసింది గోడతో చెప్పేవారు. అల్లుడిగారు ఆ కాలు కాస్త వెనక్కి తీసుకుంటే బాగుంటుందని ఆవిడ గోడని బతిమాలుతుంటే, పడవవాళ్ళు తాళ్ళు వదలకుండానే నవ్వుకునేవారు.

కొత్త కొబ్బరితాడు వస్తే కొయ్యకి కట్టించి తానే ఊగి చూసేవారు. భారీ మనిషి. "నన్ను మొయ్యని తాడు దూలాన్నేం మోస్తుందండీ" అనేవారు. ఒకసారి కరణంగారు ఎండకి తాళలేక, వేలాడుతున్న చట్రం నీడలో నిలబడ్డారు. అత్తగారు పని ఆపించి, నీడ కావాలంటే తన తడిక పంపిస్తానని కబురు చేశారు. ఆయన గబగబా ఎండలోకి వచ్చేశారు.

కొత్తపేట దగ్గర ఒక కొట్టుకి మొదటి చట్రం ఎత్తుతున్నాం. మొదటిదానికి పక్కన ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఊతకర్రలు పెట్టేదాకా తాళ్ళే ఆధారం. ఒక తాడు గోడ మీద, దిగేసిన గుంజ పక్కన, నా చేతిలో ఉంది. గోదావరి మీంచి ఒక్కసారిగా గాలి లేచింది. చట్రం అవతలి తాళ్ళ దగ్గరున్న మనుషుల మీదికి ఒరిగింది. తాడు నన్ను ఈడ్చుకుపోతోంది. వదిలేద్దామనుకున్నాను. మామగారు ఏదో అన్నారట, ఎవరికీ వినపడలేదు.

"అల్లుడిగారు ఆ తాడు..." అని తడిక వెనక మర్యాదగానే మొదలైంది. అంతలో తడిక కింద పడింది.

"ఒరేయ్, వదిలేవంటే అవతల ఆరుగురు పోతారు. కూర్చో. పక్క గుంజకి చుట్టు."

కూర్చున్నాను. చుట్టాను. చట్రం ఆగింది. ఊతకర్రలు పెట్టేదాకా ఆవిడ కదల్లేదు. తరవాత చుట్టూ చూసుకుని, తడిక ఎత్తమని సైగ చేశారు.

ఆ మధ్యాహ్నం విడిదిలో భోజనాల దగ్గర, నన్ను ఒరేయ్ అన్నందుకు సిగ్గుపడి వాళ్ళమ్మ అన్నం ముట్టలేదని మా ఆవిడ చెప్పింది. మా అమ్మ పోయాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరని, వినడానికి బాగానే ఉందని చెప్పమన్నాను. తలుపు వెనక గిన్నె మూత తీసిన చప్పుడైంది.

"ఆయ్. అయితే అల్లుడిగారిని మరి కాస్త పెరుగు వేసుకోమనండి" అన్నారు, గోడతో.

మళ్ళీ ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడలేదు. నేను దిండి చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ మొహం నేను నిండుగా చూసింది కొత్తపేటలో ఆ ఒక్కసారే. ముడి ఊడిపోయి, కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతులూ పైకెత్తి, ఎండలో నా వంక సూటిగా చూస్తూ.