గంధపు దండ వెనక దొర

కాలేజీ గోడ మీది పటం తప్పని ఆరేళ్లుగా రాస్తూనే ఉన్నాను. మా డైరెక్టరు గారు ఒక్క ఈమెయిల్‌కీ జవాబివ్వలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

మేం చదువుకోడానికొచ్చిన ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే పేటలో ఒక మిఠాయి షాపు పైన రెండు గదుల బిజినెస్ కాలేజీ ఆయనది. రిసెప్షన్‌లో తెల్లగడ్డం దొర పటం, దానికి గంధపు చెక్కల దండ ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇనుప కార్ఖానాలు నడిపి, వ్యాపారం నేర్పే కాలేజీని అందరికన్నా ముందు పెట్టిన పెద్దమనిషి అని చెప్పేవారు. ఏ మాట మొదలుపెట్టాలన్నా డైరెక్టరు గారు ముందు ఆ దండను రెండు వేళ్లతో సరిచేసేవారు. "ఈయన సంపాదించి ఊరుకోలేదు, నేర్పాడు" అనేవారు.

అసైన్‌మెంట్ కోసం లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, పటంలో ఉన్నది ఆయన కాదు, ఆయన మీద కోర్టుకెక్కిన పోటీదారు. వెళ్లి చెప్పాను.

డైరెక్టరు గారు దండ సరిచేసి, క్లాసందరి ముందూ అన్నారు: "ఇన్నేళ్లు దండం పెట్టాక ఇప్పుడు కాదంటే ఎలా బాబూ? చదువుకోడానికొచ్చావా, పటాలు చూడ్డానికొచ్చావా?"

ఆ రోజు నుంచి నా పేరు పటం. ఇక్కడే హామిల్టన్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరాక కూడా క్లాస్‌మేట్లు ఫోన్ చేసి, "ఏరా పటం, సెటిల్ అయ్యావా?" అనే అడుగుతారు.

మొన్న ఆ కాలేజీకి వెళ్లాను. గోడ మీద ఇప్పుడు అసలు మనిషే ఉన్నాడు. దండ మాత్రం పాతదే. డైరెక్టరు గారు దాన్ని సరిచేసి, "బాగున్నావా బాబూ" అని లోపలికి వెళ్లిపోయారు.

సార్, ఎవరు చెబితే పటం మార్చారు? ఆనాటి క్లాసందరికీ కనబడేలా జవాబు రాయండి.