రొట్టె మానేసిన ఇల్లు

నాంపల్లిలో మేముండేది కింది గదిలో. పైన ఓనర్లు. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చిన కొత్తలో రోజూ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసేది. పీట మీద పిండిముద్దను అరచేత్తో కొడుతుంటే ఆ చప్పుడు పైదాకా పోయేది. ఒకరోజు ఓనరమ్మ మెట్ల మీద నిలబడి, "ఏందమ్మా, పొద్దుగాల్నే గీ సప్పుడు? మా సారుకు నిద్రనే ఉంటలేదు" అంది.

ఆ రోజు నుంచి అత్తమ్మ పీట ముట్టలేదు. నేనూ చెయ్యమనలేదు. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. మా ఆయన తెల్లారేసరికే ఆటో తీసుకుని పోతాడు. నాకు అబిడ్స్‌లో చీరల దుకాణంలో పని. రొట్టె అంటే కూర వండాలి. నూడుల్స్ అయితే నేను తల దువ్వుకునేలోపు ఉడుకుతాయి.

మా బిడ్డ మూడో తరగతి. పొద్దున నూడుల్స్, బడికి చిప్స్ పాకెట్, సాయంత్రం సందు చివర మిర్చిబజ్జీ. చిన్నప్పుడు నేను జొన్నరవ్వ గట్క తిని బడికి పోతే తోటిపిల్లలు నవ్వేవాళ్లు. నా బిడ్డకు ఆ అవమానం లేదని, పట్నం పిల్లలా తింటోందని లోపల గర్వంగా ఉండేది.

పోయిన వానాకాలం బడి నుంచి ఫోన్ వచ్చింది. ప్రార్థనలో నిలబడి ఉండగా పడిపోయిందట. కస్టమర్ ముందు పరిచిన చీరలు అట్లాగే వదిలేసి ఉరికాను. బిడ్డను ఎత్తుకుని, ఇంటి దగ్గర అత్తమ్మను తీసుకుని ముగ్గురం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ బిడ్డ కింది రెప్ప లాగి చూసి, "ఏం తింటది?" అని అడిగింది.

"అన్నం, పప్పు, ఆకుకూరలు" అన్నాను.

వెనక నుంచి అత్తమ్మ, "అబద్ధం డాక్టరమ్మా. ఆకుకూర మొకం చూసి యాడాదైంది. పాకెట్లే దాని బువ్వ" అంది.

రక్తం బాగా తక్కువుందని, ఇట్లాగే ఉంటే ఎక్కించాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. తిరిగొస్తూ దారిలో అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను. "అందరి ముందర నా పరువు తీస్తవా?"

"పరువుదేముంది బిడ్డా, పిల్ల బతకాలె గద."

మర్నాడు జొన్నపిండి, తోటకూర తెచ్చి నేనే కూర్చున్నాను. రొట్టె మధ్యకు విరిగిపోయింది. ఇంకోటి చేస్తే అదీ విరిగింది. చిన్నప్పుడు వచ్చిన పని నా చేతులు మరిచిపోయాయి. అత్తమ్మ కీళ్లనొప్పులతో వాచిన మణికట్లతోనే నన్ను పక్కకు జరిపి, చప్పుడు రాకుండా పీట కింద పాత దుప్పటి మడిచి పెట్టి చేసింది.

బిడ్డ ఒక్క ముక్క నమిలి ఊసేసింది. "మట్టి లెక్కుంది."

రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు రక్తం ఎక్కించే సూది కళ్లముందు మెదిలి, నాకు పిచ్చి లేచినట్టయింది. దవడలు పట్టుకుని నోట్లో కుక్కాను. నా ఒళ్లోనే కక్కుకుంది. వీపు మీద కొట్టాను. అరచేతికి ఎముకలు తగిలాయి. అంత సన్నబడిందని నాకప్పుడే తెలిసింది.

అత్తమ్మ పిల్లను లాక్కుని, "దాన్నెందుకు కొడ్తవ్? గీ రుచి మనమెప్పుడు సూపెట్టినం దానికి?" అంది. నేను బాత్రూంలోకి పోయి, నల్లా తిప్పి, ఏడ్చాను.

రెండు నెలలు మందులు వాడాక రక్తం కొంచెం పెరిగిందన్నారు. చాలదన్నారు. ఇప్పుడు వాళ్ల నానమ్మ చేత్తో పాలల్లో నానబెట్టి పెడితే సగం రొట్టె తింటోంది. నా దగ్గర తినదు. నేను గిన్నె పట్టుకుని దగ్గరికి పోతే పెదవులు బిగబట్టి నా చేతి వైపే చూస్తుంది.

పోయిన ఆదివారం కొట్టనని ఒట్టేసి పక్కన కూర్చున్నాను. "ఒక్క ముద్ద, బంగారూ."

గోడ వైపు ఇంకాస్త జరిగింది. "నానమ్మ పెడ్తది" అంది.