విమానం నోట్లో వక్క

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మమని మా ఇంట్లోవాళ్లు వచ్చిన ప్రతి మనిషికీ ముందే చెప్పి కూర్చోబెడతారు. ఈ కథలో తీసేయాల్సిన చోట నేనే తీసేస్తాను. పగ తీర్చుకున్న కథ ఇది. కల్తీ చేస్తే నాకే రుచించదు.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను విమానాల ఇంజన్లు చూసే ఇంజనీరుని. ఉద్యోగం మద్రాసు షెడ్డులో. రెక్కలు, చక్రాలు, కుర్చీలు నావి కావు. విమానాన్ని ముందుకు లాగే ఇంజను, దాని ముందు తిరిగే పంకా, వాటికి పోయే నూనె, గాలి, ఇవే నా లోకం. తిరుపతికి విమానం పోయే రోజుల్లో నన్నూ దాంట్లోనే పంపేవాళ్లు. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో దిగి, రెండు ఇంజన్లూ చూసి, నేను బొటనవేలు ఎత్తితేనే పైలటు పంకా తిప్పేవాడు.

చిత్తూరు మామిడికాయల మండీలో మా నాయన ఈ సంగతే చెప్పుకునేవాడు. "మావాడు ఏలెత్తితేనే విమానం లేసేది" అనేవాడు. అది నిజమే. కానీ ఆయన అక్కడితో ఆగేవాడు కాదు. "ఢిల్లీ మంత్రి కూసోనుండినా సరే, మావాడు వద్దంటే దిగి బస్సెక్కి పోవాల్సిందే" అని కలిపేవాడు. ఈ జబ్బు నాకు ఎవరి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రేణిగుంటలో ఒక ఆఫీసరు ఉండేవాడు. టిక్కెట్లు, సామాను, ప్రయాణికులు అతని పని. విమానం ఆలస్యమైతే తప్పు నాది, వేళకు లేస్తే గొప్ప అతనిది. అదంతా సహించాను. సహించలేనిది చిత్తూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర జరిగింది.

నేనూ నాయనా పక్కపక్కన కూర్చున్నాం. ఎదురు పంక్తిలో ఆ ఆఫీసరు. నాయన పక్కాయనకు తన వేలు కథ మొదలుపెట్టాడు. ఆఫీసరు అప్పడం కొరుకుతూ అంతా విని, పంక్తి మొత్తానికీ వినబడేలా అన్నాడు:

"ఎవురు సెప్పినారు పెద్దాయనా నీకు? ఇంజనీరంట ఇంజనీరు! మీవాడు పంకా తుడిసేవాడప్పా. ఒక గుడ్డ, ఒక నూనె డబ్బా, అంతే. విమానం లేసేది నా మాట మింద."

అందరూ నవ్వారు. రసం వడ్డిస్తున్న మనిషి కూడా గరిటె ఆపి మరీ నవ్వాడు.

నేను లేచి అతని ఆకులో చెంబెడు నీళ్లు కుమ్మరించి, నాయన చేయి పట్టుకుని బయటికి నడిచానని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఇక్కడ తీసేయండి. నేను లేవలేదు. రసం పోయించుకున్నాను. రసం బాగుంది కూడా. నాయన మాత్రం కలిపిన ముద్దను అట్లాగే వదిలేసి ఆకు మడిచాడు.

ఆ తర్వాత మండీలో ఎవరైనా "కొడుకు ఏం జేస్తాడప్పా?" అని అడిగితే "ఏందో కంపెనీలో ఉండాడులే" అనడం మొదలుపెట్టాడు. ఆ 'ఏందో' నాకు చెప్పులో ముల్లయింది. మా నాయన వింటుండగా, నేనెవరో ఆ ఆఫీసరు నోటితోనే చెప్పించాలి. నాకు కావలసింది అదొక్కటే.

అంతవరకు ఊరికే కూర్చోలేదు. తిరుపతి ట్రిప్పు పడినప్పుడల్లా అతని స్కూటరు చక్రంలో గాలి తీసేసేవాణ్ని. అంటే, రెండుసార్లు. రెండోది వేరెవరి స్కూటరో అని తర్వాత తెలిసింది.

చివరికి ఒక ఏడాది ఆయుధపూజ రోజున నాకు తిరుపతి ట్రిప్పు పడింది. ఆ రోజు మా వైపు కత్తిపీట నుంచి బస్సు దాకా కుంకుమ బొట్టు పడని ఇనుము ఉండదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విమానానికి చేసే పూజ చూడ్డానికి కంచె దగ్గర మూగారు. వాళ్లలో నాయన కూడా ఉన్నాడు. రానంటే రానన్నాడట, అమ్మ తోసి పంపింది.

ఇంజన్ల మనుషులకు ఒక ఆచారం ఉంది. పంకా వెనక ఇంజనుకు గాలి పీల్చుకునే గుండ్రటి నోరు ఉంటుంది. దాని దగ్గరికి పోయేముందు జేబులు ఖాళీ చేయాలి. పైకి తీసుకుపోయిన ప్రతి వస్తువూ కిందికి రావాలి. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా పంకా తిరగదు. చిన్న రాయి లోపలికి పోయినా ఇంజను గుల్ల అయిపోతుంది.

ఆఫీసరు పట్టుపంచె కట్టి, చెప్పులు విడిచి వచ్చాడు. కర్పూరం మాత్రం ఇంజనుకు ఎడంగా కంచె దగ్గరే వెలిగించాలన్నాను. సరేనన్నాడు. "పంకాకి బొట్టు పెట్టుకోండి సార్. ఆ నోటి కాడికి మాత్రం పోవద్దండి" అన్నాను.

"పూజ నువ్వు నాకు నేర్పాల్నా? గుడ్డ పట్టుకోని పక్కన నిలబడు."

నా నిచ్చెనే ఎక్కాడు. పంకాకు గంధం పూశాడు, బంతిపూల దండ వేశాడు. ఆఖర్న తమలపాకులో రెండు వక్కలు పెట్టి, ఆ తాంబూలం ఇంజను నోటి అంచున ఉంచి దండం పెట్టాడు. మళ్లీ ఆకు తీసుకుని కిందికి దిగాడు.

దిగిన ఆకులో వక్క ఒకటే ఉంది. నేను చూశాను, అతను చూడలేదు.

అప్పుడే చెప్పొచ్చుగా అంటారు. ఎందుకు చెబుతాను? బొట్టు, గంధం, దండ అన్నీ తీయించి పంకా శుభ్రంగా తుడిచాను. అవును, గుడ్డతోనే. ప్రయాణికులంతా ఎక్కారు. దర్శనానికి వచ్చి తిరిగి పోతున్న మా కంపెనీ మద్రాసు పెద్ద ఆఫీసరు కూడా లడ్డూల బుట్టతో ఎక్కాడు. తలుపు మూశారు. పైలటు నా వేలి కోసం చూశాడు. నేను రెండు చేతులూ అడ్డంగా పెట్టాను.

ఆఫీసరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైనాదప్పా? ఏలెత్తు!"

"వక్క సార్."

"ఏం వక్క?"

"తమరు పైకి తీసకపోయినవి రెండు. కిందికి దిగింది ఒకటి."

"యాడో కింద పడుంటాదిలే. వక్కకి విమానం ఆపుతారా ఎవురన్నా?"

"కింద పడుంటే ఎతకండి సార్. దొరికినాక ఏలెత్తుతా."

మిట్టమధ్యాహ్నం. కాంక్రీటు పెనంలా కాలుతోంది. అతని కాళ్లకు చెప్పుల్లేవు. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి గెంతుతూ, పంచె ఎగ్గట్టి నేలంతా వెతికాడు. నేను నిచ్చెనెక్కి, టార్చి వేసి, నోట్లో చేయి పెట్టి తీరిగ్గా తడుముతున్నాను.

విమానంలో ఉక్క భరించలేక అందర్నీ దించారు. పెద్ద ఆఫీసరు కంచె పక్కకు వచ్చి నిలబడ్డాడు. నాయనకూ ఆయనకూ మధ్య ముళ్లతీగ ఒక్కటే అడ్డం.

"ఎందుకయ్యా ఆగింది?" అని రేణిగుంట ఆఫీసరును అడిగాడు.

"ఈయన పంపడంల్యా సార్."

"ఎవరీయన?"

మనవాడు ఇరుక్కుపోయాడు. పంకా తుడిచేవాడు అంటే, పంకా తుడిచేవాడి మాటకు విమానం ఎందుకు ఆపావని అడుగుతాడు. కాలు మార్చి నిలబడ్డాడు. మళ్లీ మార్చాడు.

"ఇంజనీరు గారు సార్" అన్నాడు. "ఈయన ఏలెత్తితేనే విమానం లేసేది."

అక్షరం పొల్లుపోకుండా నాయన మాటే. కంచె అవతల నాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

అప్పుడు ఆఫీసరు నా కాళ్ల మీద పడ్డాడని చెబుతుంటాను. పడలేదు. అంతకుముందు వక్క కోసం వంగినప్పుడు నా బూట్లు ఆ పక్కన ఉన్నాయి, అంతే. ఇంకొకటి: వక్క నాకు మొదటిసారి చేయి పెట్టగానే దొరికింది. పిడికిట్లో దాచుకుని, 'ఇంజనీరు గారు' అనేదాకా తడుముతూనే ఉన్నాను. అంతసేపూ అతని అరికాళ్లు కాలాయి. ఈ ముక్క చెప్పింది పశ్చాత్తాపంతో కాదు. గుర్తొస్తే ఇప్పటికీ నాకు చల్లగా ఉంటుంది.

లోపల ఇంకేమీ లేదని మళ్లీ చూసుకుని వేలెత్తబోయే ముందు, వక్కను కంచె సందులోంచి నాయనకిచ్చాను.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే నాయనా."

"ఇంతేనా!" అన్నాడు, కొంచెం దిగులుగా. మొలలో దోపుకున్నాడు.

తర్వాత మామిడికాయల కాలంలో చిత్తూరు మండీకి పోయాను. దుకాణం ఆయన లేచి నాకు బెంచీ చూపించాడు.

"రా ఇంజనీరప్పా, కూసో. విమానం నోట్లో టెంకాయ ఇరుక్కుంటే సేయి పెట్టి పెరికినావంట గదా?"

నాయన వైపు చూశాను. ఆయన నన్ను చూడకుండా కాయలు ఏరుతున్నాడు. కుళ్లినవీ మంచివీ ఒకే గంపలో వేస్తున్నాడు.

"అవునన్నా" అన్నాను. "పీసు కూడా తీయని కాయ."