మామ్మకి నేను నేర్పిన పది ఆజ్ఞలు

మా చిన్నప్పుడు క్రిస్మస్‌కి మేనత్త ఊరు చేరాలంటే రెండు రోజులు బండిలో కూర్చోవాలి... రాజమండ్రిలో తెల్లవారుజామున బయలుదేరితే, మర్నాడు మధ్యాహ్నానికి పెద్దాపురం దాటి, కాలువ పక్కన వాళ్ళ పల్లె కనిపించేది.

నాన్న కచేరీలో గుమాస్తా. అద్దెకు తెచ్చిన బండిని తానే తోలేవారు. వెనక ఎండుగడ్డి మీద దుప్పటి పరుచుకుని నేనూ, నాన్నగారి అమ్మా. ఆవిడని నేను మామ్మ అనేదాన్ని. అమ్మ నన్ను కన్న కొద్ది రోజులకే పోతే, పెంచింది మామ్మే.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడాది ఆ ప్రయాణంలో మాకొక పని ఉంది. మామ్మ బాప్తిస్మం తీసుకోవాలి.

తాతయ్య, నాన్న, అత్తయ్య ఎప్పుడో తీసుకున్నారు. మామ్మ మాత్రం ఏటా మరిడమ్మ జాతరకి వెళ్తూనే ఉండేది. తాతయ్య పోయాక మానేసింది. ఆయన్ని అత్తయ్య ఊళ్ళో, సంఘం సమాధుల తోటలో పెట్టారు. అక్కడ బాప్తిస్మం పొందినవాళ్ళకే చోటు.

"ఆయన పక్కన పడుకోవాలి నేను" అనేది మామ్మ.

అందుకు పది ఆజ్ఞలు అప్పజెప్పాలి. పండక్కి ముందు రోజు పాస్టరు అయ్యగారు అడుగుతారు. చెప్పగలిగినవాళ్ళని పండగ పొద్దున కాలువలో ముంచుతారు.

మామ్మకి చదువు రాదు. నేర్పే పని నాది. నేను చదివేది క్యాథలిక్ కాన్వెంటులో... మా సంఘం వేరైనా, దగ్గర్లో ఆడపిల్లలకున్న బడి అదేనని నాన్న అక్కడ వేశారు. సిస్టర్ల దగ్గర నేను కంఠస్థం చేసినవే మామ్మకి చెప్పాను.

ఊడ్పుల్లో నారుకట్టలు లెక్కపెట్టినట్టు, మామ్మ ఒక్కో ఆజ్ఞకి ఒక్కో వేలు ముడిచేది.

"నాలుగోది ఏంటి మామ్మా?"

"అమ్మనీ నాన్ననీ గౌరవించాలి. ఒరే అబ్బాయ్, చెవిన పడిందా?"

"పడిందమ్మా" అన్నారు నాన్న, ముందుకే చూస్తూ.

"పడితే బండి మెల్లిగా తోలు. నడుం విరిగిపోతోంది." తర్వాత నా వైపు తిరిగింది. "ఏమ్మా పంతులమ్మా, పాసేనా నేను?"

"ఇంకోసారి చెప్పు."

"నీకంటే మునసబే నయం" అని, మళ్ళీ బొటనవేలు దగ్గర మొదలుపెట్టింది.

దారిలో సత్రాలున్నా మాలాంటి వాళ్ళని ఉండనివ్వరు. ఆ రాత్రి బండి కిందే పడుకున్నాం. మంచుకి దుప్పటి తడిసిపోయింది... మర్నాడు పెద్దాపురంలో మరిడమ్మ గుడి వైపు దారి చీలే చోట, మామ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. వేళ్ళు మాత్రం ముడుస్తూనే ఉంది.

ఊరు చేరగానే ప్రార్థన పాకకి వెళ్ళాం. మామ్మ ముందు వరుసలో కూర్చుంది. నేను వెనక, పిల్లల చాప మీద. ఎదురు గోడకి సున్నం వేసి, నల్లటి అక్షరాలతో పది ఆజ్ఞలు రాసి ఉన్నాయి. అలవాటు కొద్దీ చదివాను.

రెండోది విగ్రహాలకి మొక్కకూడదని. సిస్టర్లు నేర్పిన వరుసలో ఆ మాటే వినిపించదు, మొదటిదాంట్లోనే కలిసిపోయింది. వాళ్ళ రెండోది ఇక్కడ మూడోది... అక్కడి నుంచి అంకెలన్నీ జరిగిపోయాయి. చివరిదాన్ని రెండు చేసి వాళ్ళు పది లెక్క సరిపెట్టారు.

మామ్మ వంతుకి ముందు ఇంకా ముగ్గురున్నారు. లేచి వెళ్ళి చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. అంతమంది మధ్యలోంచి లేవడానికి నాకు కాళ్ళు రాలేదు. ఒకరయ్యారు... ఇద్దరయ్యారు... ముగ్గురూ అయిపోయారు.

"రెండో ఆజ్ఞ చెప్పండమ్మా" అన్నారు అయ్యగారు.

మామ్మ చూపుడు వేలు ముడిచింది. "దేవుడి పేరు ఊరికే తియ్యకూడదండి."

"అది మూడోది కదమ్మా. రెండోది?"

"ఇదేనండి రెండోది" అని వేలు చూపించింది.

"విగ్రహాల సంగతి చెప్పాలమ్మా మీరు."

మామ్మ పది వేళ్ళూ చూసుకుంది. ఏ వేలికీ ఆ మాట లేదు.

"పదింట్లో అదొక్కటే ఎగిరిపోయిందేంటండీ? మరిడమ్మ ఇంకా వదిలినట్టు లేదు" అన్నాడు సంఘపెద్ద ఒకాయన. కొందరు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

"మీకెవరు నేర్పారమ్మా?" అని అడిగారు.

మామ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎవరూ నేర్పలేదండి. వాళ్ళూ వీళ్ళూ అనుకుంటుంటే విన్నాను."

"అయితే వచ్చే క్రిస్మస్‌కి చూద్దాం లెండి."

పండగ పొద్దున కాలువ మీద పొగమంచు. నీళ్ళలోంచి వణుకుతూ వచ్చిన ఆడవాళ్ళకి పొడి చీరలు అందిస్తూ మామ్మ గట్టు మీద నిలబడింది. తన కోసం అత్తయ్య ఉతికి ఉంచిన తెల్లచీర కూడా ఎవరికో ఇచ్చేసింది.

తిరుగు ప్రయాణంలో, "ఆ రెండోది సరిగ్గా చెప్పు పంతులమ్మా" అంది. చెప్పాను. తప్పు ఎక్కడ జరిగిందో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మళ్ళీ క్రిస్మస్ రాకముందే, భాద్రపదంలో మామ్మ అత్తయ్యని చూడడానికి వెళ్ళి, అక్కడే జ్వరంతో పోయింది. కబురందుకుని నాన్నా నేనూ వెళ్ళాం. సమాధుల తోటలో తాతయ్య పక్కన చోటిమ్మని నాన్న అయ్యగారిని బతిమాలారు. "మీ అమ్మగారు ఆ ఆజ్ఞ దగ్గరే ఆగిపోయారు కదండీ" అన్నారు అయ్యగారు, బాధగానే. నేను నాన్న చెయ్యి పట్టుకుని అక్కడే ఉన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. మామ్మని కాలువ అవతల పాత శ్మశానంలో పెట్టారు.

ఇప్పుడు సామర్లకోట దాకా రైలుంది. దిగి ఒక్క పూట బండిలో వెళ్తే అత్తయ్య ఊరు వచ్చేస్తుంది. పాక పోయి పెంకుల గుడి వచ్చింది. కొత్త అయ్యగారు ముసలివాళ్ళని అంకెలు అడగరు. నమ్ముతున్నారా అని అడుగుతారంతే... ఆ మాటకి మామ్మ ఏ రోజైనా అవుననే చెప్పేది.

చిన్నప్పుడు మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్ళకి ఏదో ఒకటి నేర్పే ఉంటారు. ఏం నేర్పారో రాయండి... చదువుతాను. ఇది మా నాన్న కూడా చదువుతారు. ఆయనకి ఈ సంగతి తెలియడం ఇదే మొదటిసారి.